మెత్తటి ముందు ఫోర్క్‌కి 15 మిల్లీమీటర్ల మందు: రెండేళ్ల వాడకం తర్వాత

బండి 200 సీసీ ట్రెయిల్ బైక్, అంటే మట్టి, రాళ్ల దారుల్లో తిరిగే రకం. ముందు 37 మి.మీ. మామూలు ఫోర్క్ (చక్రాన్ని పట్టుకునే రెండు షాక్ కాళ్లు), 190 మి.మీ. ట్రావెల్, అంటే అది పైకీ కిందికీ కదిలే దూరం. పైన స్ప్రింగ్‌ను ముందే కాస్త నొక్కి ఉంచే ప్రీలోడ్ స్క్రూ లేదు, కింద కదలిక వేగం మార్చే క్లిక్కులూ లేవు. గేర్‌తో కలిపి రైడర్ బరువు 82 కిలోలు. బెంగళూరులో రెండేళ్లు, 14,000 కి.మీ. తిరిగింది: ఆదివారాలు రామనగర వైపు రాతి గుండ్లు, మిగతా రోజులు రింగ్ రోడ్డు. ఫోర్క్‌లో మార్చినవి మూడే: స్పేసర్ (స్ప్రింగ్ మీద కూర్చునే పైపు ముక్క), ఆయిల్ మట్టం, ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం). మొదటి రెండూ బాగా పనిచేశాయి, మూడోది సగమే.

"ముందు మెత్తగా ఉంది" అనే ఒక్క మాటలో మూడు రోగాలుంటాయి. ఎక్కి కూర్చోగానే బండి ముందుకు కుంగడం ఒకటి. బ్రేక్ పట్టగానే గబుక్కున దిగడం రెండోది. మోకాలెత్తు రాయి మీంచి దిగితే ఫోర్క్ చివరికంటా వెళ్లి టక్కుమని కొట్టడం మూడోది. చాలా గ్యారేజీల్లో మూడింటికీ ఒకటే వైద్యం, చిక్కటి ఆయిల్. చిక్కటి ఆయిల్ ఫోర్క్ దిగే వేగాన్ని తగ్గిస్తుంది. ఎంత లోతుకు దిగాలో తేల్చేది మాత్రం స్ప్రింగే.

అందుకే ముందు శాగ్ కొలవాలి, అంటే రైడర్ ఎక్కాక ఫోర్క్ ఎంత కుంగుతుందో. ముందు చక్రం గాల్లోకి లేపి డస్ట్ సీల్ (దుమ్ము ఆపే రబ్బరు) నుంచి కింది క్లాంప్ (ఫోర్క్‌ను పట్టుకునే దిమ్మ) దాకా ఎంతుందో రాసుకోండి. తర్వాత చక్రం నేల మీద పెట్టి, రైడర్ పెగ్‌ల మీద నిలబడ్డాక అదే దూరం మళ్లీ కొలవండి. సీళ్లు పట్టేస్తాయి కాబట్టి ఒకసారి నొక్కి మెల్లగా వదిలి, ఒకసారి పైకెత్తి మెల్లగా వదిలి, రెండింటి సగటు తీసుకోవాలి. ఈ బండికి 68 మి.మీ. వచ్చింది, అంటే ట్రావెల్‌లో 36 శాతం. ట్రెయిల్‌కి 25 నుంచి 30 శాతం చాలు.

పాత స్పేసర్ కంటే 15 మి.మీ. పొడవుగా, మందపాటి పీవీసీ పైపుతో కొత్తవి కోశాక శాగ్ 54కి వచ్చింది. స్ప్రింగ్ గట్టిపడలేదు, బండి ఎత్తు మాత్రమే పెరిగింది. కోసిన అంచులు వంకర లేకుండా గరుకు కాగితం మీద రుద్దాలి, రెండు వైపులా వాషర్ తప్పనిసరి. వాషర్ లేకపోతే స్ప్రింగ్ చివర పైపును కొరికేస్తుంది, తెల్లటి పొట్టు ఆయిల్‌లో తేలుతుంది. స్పేసర్ మరీ పొడవైతే ట్రావెల్ పూర్తి కాకముందే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనేస్తాయి.

ఫోర్క్ క్యాప్ విప్పే ముందు పై క్లాంప్ బోల్టు వదులు చేయండి, లేకపోతే క్యాప్ మర కదలదు. ఇంజిన్ కింద జాకీ పెట్టి ముందు చక్రం మీద బరువు తీసేయాలి. చివరి మరలు విప్పేటప్పుడు అరచేత్తో నొక్కి పట్టుకోండి, స్ప్రింగ్ క్యాప్‌ను ఎగరగొడుతుంది.

రాళ్ల మీద టక్కుమనే చప్పుడు పోయింది మాత్రం ఆయిల్ మట్టంతోనే. స్ప్రింగ్ తీసి, ఫోర్క్ పూర్తిగా కిందికి నొక్కి, గాలి బుడగలు పోయేదాకా పదిసార్లు ఆడించి, పది నిమిషాలు ఆగాక పై అంచు నుంచి కొలవాలి. మాన్యువల్‌లో చెప్పిన మట్టం కంటే 10 మి.మీ. పైకి తెచ్చాం, కాలుకి సుమారు ఎనిమిదిన్నర మి.లీ. పైన గాలి తక్కువైతే ట్రావెల్ చివర్లో అదే రెండో స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. ఇంకా పోస్తే ఆ ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది. ఒకేసారి 5 మి.మీ. మించి మార్చకపోవడం మంచిది.

గ్రేడ్ సంగతికొస్తే, 10డబ్ల్యూ తీసి 15డబ్ల్యూ పోస్తే బ్రేక్ దగ్గర బాగుంది. వరసగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ మీద మాత్రం ఫోర్క్ తిరిగి లేవకముందే తర్వాతి దెబ్బ తగిలేది, అలా కిందికి కిందికి కూరుకుపోయేది. ఒకే కంపెనీ 10, 15 సగం సగం కలిపాక కుదిరింది. రెండు కంపెనీల 10డబ్ల్యూ ఒకే చిక్కదనం ఉండాలని లేదు, డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) అంకె చూసి కొనండి. బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో అడిగితే దుకాణదారు గ్రేడ్ ఒక్కటే చెబుతాడు, డబ్బా తిప్పి చదువుకోవాల్సింది మనమే.

చక్రం బిగించేటప్పుడు యాక్సిల్ పించ్ బోల్టును (ఫోర్క్ అడుగున ఇరుసును బిగించి పట్టే బోల్టు) చివరికి ఉంచి, బ్రేక్ పట్టి ఫోర్క్‌ను నాలుగైదు సార్లు ఆడించాక బిగించాలి. లేకపోతే ఫోర్క్ కాళ్లు రెండూ బిగుసుకుని కదలవు, తప్పంతా ఆయిల్ మీదకి నెట్టేస్తాం.

6,000 కి.మీ.కి ఆయిల్ బూడిద రంగుకొస్తోంది, అప్పుడు మార్చేస్తున్నాం. వేగంగా వెళ్తూ పదునైన రాయి ఎక్కితే ఇప్పటికీ చేతులకు దెబ్బ తెలుస్తుంది. ఈ రకం డ్యాంపర్ రాడ్ ఫోర్క్‌లో ఆయిల్‌కి దారి ఇచ్చేవి చిన్న రంధ్రాలే, స్పేసర్‌తో అది పోదు. గేర్‌తో 95 కిలోలు దాటితే మాత్రం పైపు ముక్కలతో కాలక్షేపం వద్దు, గట్టి స్ప్రింగ్‌లే వేయించండి.