బొగ్గులా, గ్యాసా, కరెంటా? బండిలో వేసుకెళ్లే గ్రిల్ ఏది మేలు

గ్రిల్ కొనడానికి దుకాణానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది, ఎంత త్వరగా వేడెక్కుతుందని. బండిలో వేసుకొని తిరిగేవాళ్లు అడగవలసిన ప్రశ్న వేరు: పని అయ్యాక ఎంత సేపటికి చల్లారుతుంది? ఇంటి డాబా మీద వాడే గ్రిల్ తెల్లవారేదాకా అక్కడే పడి ఉన్నా నష్టం లేదు. ప్రయాణంలో అలా కుదరదు. తిన్న తర్వాత అదే బండిలో, పరుపు పక్కన, పిల్లల సంచుల మధ్య దాన్ని సర్దాలి. అందుకే ఈ పోలికలో రుచి, ధర, బరువు కన్నా ముందు ఆ లెక్కే చూస్తాను.

క్యాంపర్ అనగానే లోపల మంచం, సింకు, ఫ్రిజ్ ఉన్న వ్యాను గుర్తుకు రావచ్చు. వరంగల్ చుట్టుపక్కల అలాంటివి అరుదు. ఎక్కువగా కనిపించేవి సీట్లు మడిచి పరుపు వేసుకున్న ఏడు సీట్ల కార్లు, నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న టెంపో ట్రావెలర్లు, వెనక గుడారం సామాను కట్టుకున్న బొలెరోలు. ములుగు మీదుగా లక్నవరం, ఇంకా ముందుకు వెళ్తే వాజేడు దగ్గర బొగత జలపాతం; నర్సంపేట వైపు పాకాల; భూపాలపల్లి దాటి కాళేశ్వరం; మంచిర్యాల నుంచి జన్నారం అడవులు. ఏ దారిన వెళ్లినా రెండు సంగతులు వెంట వస్తాయి. ఒకటి ఎండ, రెండోది ఎండుటాకు. చలికాలం వెళ్లేసరికి టేకు ఆకు రాలి నేలంతా పరుచుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు అడవికి ఎక్కడ నిప్పు అంటుకున్నా దానికి అదే మేత. విదేశాల్లో రాసిన గ్రిల్ సలహాల్లో చలికి గ్యాసు పనిచేయదన్న భయం పెద్దగా కనిపిస్తుంది. మనకు ఆ బాధ లేదు. చిన్న క్యాన్లలో వచ్చే బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదన్నది నిజమే గాని, ములుగు అడవిలో డిసెంబరు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. మన భయమంతా మరోవైపు ఉంది. దాని దగ్గరికి వస్తాను.

అసలు ఏమీ కొనకుండా పని జరగదా అని అడిగేవాళ్లు ఉంటారు. జరుగుతుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వచ్చే కుటుంబాలు చెట్ల కింద మూడు రాళ్లు పెట్టుకొని కోడికూర వండుకుంటాయి. అయితే అది గిన్నెలో వంట. కట్టెల మంట మీద నేరుగా మాంసం కాలిస్తే పైన మసి, లోపల పచ్చి. కట్టెలు కాలి నిప్పులు అయ్యేదాకా ఆగాలంటే గంట పడుతుంది, అప్పటికి పిల్లలు బిస్కెట్లతో కడుపు నింపుకొని ఉంటారు. పైగా హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే జింకు పూత జాలీ ముక్కను రాళ్ల మీద పరిచి కాల్చడం చాలామందికి అలవాటు. ఎర్రగా కాలిన జింకు నుంచి వచ్చే పొగ మంచిది కాదు. జాలీ కావాలంటే స్టీలుదే తీసుకోండి. నేల మీద పొయ్యి పెట్టడంలో ఇంకో చిక్కు ఏమిటంటే, అడుగున ఉన్న ఆకుపొర, ఎండిన వేళ్లు మనం వెళ్లిపోయాక కూడా రగులుతూ ఉండవచ్చు. ఈ పద్ధతిని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ఇక బొగ్గుల గ్రిల్. ఇందులో రెండు జాతులు ఉన్నాయి, వాటి మధ్య తేడా బొగ్గుకూ గ్యాసుకూ ఉన్న తేడా అంత పెద్దది. మొదటిది మూత లేని రేకుపెట్టె: కాళ్లు మడుచుకుంటాయి, పైన జాలీ, పక్కన సీకులు గుచ్చడానికి గాళ్లు. చవక, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది మూత ఉన్న గుండ్రటి కెటిల్ గ్రిల్. దీన్ని 1952లో అమెరికాలో చికాగో ప్రాంతానికి చెందిన జార్జ్ స్టీఫెన్ రూపొందించాడు. ఆయన పనిచేసే వెబర్ బ్రదర్స్ లోహపు పనుల కర్మాగారంలో నీటి మీద తేలే గుర్తుల (బోయాల) కోసం లోహపు గోళాలు తయారయ్యేవి. అలాంటి గోళాన్ని సగానికి కోసి, కింది సగం పొయ్యిగా, పై సగం మూతగా చేశాడు. గాలికి మంట ఎగిసిపడకుండా, బూడిద తిండి మీద పడకుండా ఉండటమే ఆ మూత ప్రయోజనం. ప్రయాణానికి పనికొచ్చే చిన్న కెటిల్ జాలీ వ్యాసం సుమారు 37 సెంటీమీటర్లు ఉంటుంది. నలుగురికి ఒక విడతలో సరిపోతుంది.

మూత విలువ వండేటప్పుడు కన్నా ఆర్పేటప్పుడు తెలుస్తుంది. మూత పెట్టి, పైనా కిందా గాలి రంధ్రాలు మూసేస్తే ప్రాణవాయువు అందక నిప్పులు తమంతట తామే ఆరిపోతాయి. సగం కాలిన బొగ్గు మరుసటి పూటకు మిగులుతుంది. అయినా లోహం చేత్తో పట్టుకునేంత చల్లబడటానికి గంటకు తక్కువ పట్టదు. మూత లేని పెట్టెలో ఆ సౌకర్యం లేదు. తొందరపడి నీళ్లు గుమ్మరిస్తే వేడి రేకు వంకర తిరుగుతుంది, ఆవిరితో పాటు బూడిద ముఖాన కొడుతుంది. ఆరిందనుకున్న బూడిద లోపల నిప్పు కణిక మరునాటి దాకా బతికి ఉండగలదు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి డిక్కీలో పెట్టడం, చెత్తకుప్పలో పారబోయడం రెండూ ప్రమాదమే. మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బా ఒకటి బూడిదకే కేటాయించాలి.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్పవలసినది. చలికాలం రాత్రి లక్నవరం ఒడ్డున గుడారం వేస్తే చలి బాగానే పట్టుకుంటుంది. మిగిలిన నిప్పుల గ్రిల్‌ను వెచ్చదనం కోసం గుడారంలోకో వ్యానులోకో తెచ్చుకుందామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. పొగ రాకపోయినా కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచి పెట్టామన్న ధీమా కూడా పనికిరాదు.

బొగ్గు విషయానికి వస్తే, ఇస్త్రీ బండ్లవాళ్లు కొనే కట్టెబొగ్గు అన్ని ఊళ్లలో దొరుకుతుంది. త్వరగా రాజుకుంటుంది, కాని చిటపటమని నిప్పురవ్వలు ఎగరేస్తుంది, ముక్కలు ఒక సైజులో ఉండవు. ఎండుటాకుల మధ్య ఆ రవ్వలు నాకు నచ్చవు. కొబ్బరిచిప్పల బొగ్గు నిదానంగా, సమంగా కాలుతుంది. అది దొరికితే అదే తీసుకుంటాను. రాజేయడానికి కిరోసిన్, పెట్రోలు పోయడం ప్రమాదం, పైగా తిండికి వాసన పడుతుంది. రెండువైపులా తెరిచి ఉండి, అడుగున జల్లెడ ఉన్న రేకు గొట్టంలో బొగ్గు నింపి కింద రెండు కాగితపు ఉండలు వెలిగిస్తే పదిహేను ఇరవై నిమిషాల్లో బొగ్గు పైన తెల్లటి బూడిద పొర కడుతుంది. ఆ గొట్టాన్ని ఏ వెల్డింగు షాపులోనైనా చేయించుకోవచ్చు. అసలు గ్రిల్‌నే అక్కడ చేయించుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. హనుమకొండలో, కాజీపేటలో మంచి పనివాళ్లు ఉన్నారు. రెండు మూడు మిల్లీమీటర్ల రేకు, స్టీలు ఊచలు, మీ డిక్కీ కొలతకు సరిపోయే పెట్టె, దానికి గాలి చొరని మూత అని చెబితే చాలు. ఆన్‌లైన్‌లో వచ్చే పల్చటి పెట్టెలు రెండు సీజన్లకే వంగిపోతాయి. మందపు రేకు బరువు ఉంటుంది నిజమే, దాన్ని మోసేది బండి కదా.

రుచిలో బొగ్గుదే పైచేయి అంటారు. కారణం కొంచెం వేరు. చక్కగా కాలిన బొగ్గుకు సొంత వాసన పెద్దగా ఉండదు. మాంసంలోని కొవ్వు, పట్టించిన మసాలా రసం నిప్పుల మీద పడి ఆవిరై తిరిగి మాంసానికే పట్టడం వల్ల ఆ ఘుమఘుమ వస్తుంది. కాబట్టి చుక్క కింద పడి కాలే ఏర్పాటు ఉన్న గ్యాస్ గ్రిల్ బొగ్గుకు చాలా దగ్గరగా రాగలదు. చుక్క కిందికి జారే దారి లేని నాన్‌స్టిక్ పళ్లెం ఉంటే, అది గ్రిల్ పేరుతో అమ్మే పెనం.

గ్యాసులో ప్రయాణాలకు ఎక్కువగా వాడేది ఒకే బర్నరు ఉన్న చిన్న పొయ్యి, దాని పక్క అరలో పడుకోబెట్టే 220 గ్రాముల బ్యూటేన్ క్యాను. పైన గాళ్లున్న గ్రిల్ పళ్లెం పెట్టుకోవాలి. వెలిగించిన క్షణం నుంచే వంట. రెండు కిలోవాట్ల బర్నరును పూర్తి మంట మీద పెడితే ఒక క్యాను గంటన్నర లోపే అయిపోతుంది. ఆర్పాక ఇరవై నిమిషాల్లో సంచిలో పెట్టేయవచ్చు. మసి లేదు, బూడిద లేదు, రవ్వలు లేవు. ఇన్ని సుగుణాలున్న దీన్ని నేను కళ్లు మూసుకొని సిఫారసు చేయకపోవడానికి కారణం మన ఎండ. ఈ క్యాన్లను 50 డిగ్రీలు మించిన వేడిలో ఉంచకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. రామగుండంలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అలాంటి మధ్యాహ్నం అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో క్యాన్లు తీసుకెళ్తే బండి దిగేటప్పుడు మీతో పాటు అవి కూడా దిగాలి, నీడలో ఉండాలి.

రెండో జాగ్రత్త పళ్లెం వెడల్పు గురించి. ఎనిమిది మంది ఉన్నారని పెద్ద పెనమో, వెడల్పాటి రాతిపలకో పొయ్యి మీద పెడతారు. అది క్యాను ఉన్న అర మీదికి సాగితే కింద ఉన్న క్యానుకు సెగ తగిలి పేలే ప్రమాదం ఉంది. పొయ్యితో వచ్చిన పళ్లెం కన్నా పెద్దది వాడకూడదు. గాలి ఆపడానికి చుట్టూ రేకులు దగ్గరగా కట్టడం, రెండు పొయ్యిలను ఆనించి పెట్టడం కూడా అదే కారణంగా వద్దు.

పెద్ద గుంపుకు 5 కిలోల సిలిండరుతో నడిచే రెండు బర్నర్ల గ్రిల్ మేలు. ఇండియన్ ఆయిల్ చోటూ పేరుతో అమ్మే చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే పెట్రోలు బంకుల్లో కూడా దొరుకుతుంది. బయటి దేశపు గ్రిల్‌తో వచ్చే రెగ్యులేటరు దీనికి పట్టదు, కొనేముందే అడిగి సరిచూసుకోండి. సందుల్లో నింపి ఇచ్చే గుర్తింపు లేని చిన్న సిలిండర్ల జోలికి మాత్రం పోవద్దు. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది, లీకైతే బండి అడుగున పేరుకుంటుంది. సిలిండరును నిలబెట్టి కట్టి, కిటికీ దింపి ప్రయాణించడం మంచిది.

కరెంటు గ్రిల్‌ది లెక్క తేలిక. 2000 వాట్ల గ్రిల్‌కు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు కావాలి. ఫోను చార్జింగు పెట్టుకునే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు దాన్ని మోయలేదు, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉండాలి. కారులోని 12 వోల్టుల సాకెట్టు ఇచ్చేది 120 నుంచి 180 వాట్లు, దాంతో టీ నీళ్లు కూడా సరిగ్గా కాగవు. కాబట్టి కాటేజీ వరండాలో పెద్ద ప్లగ్గు ఉందని ముందే ఫోను చేసి తెలుసుకున్నవాళ్లకే ఇది. ఆ పరిస్థితి ఉంటే మాత్రం పిల్లలున్న ఇంటికి దీనికన్నా నిశ్చింత మరొకటి లేదు.

ఏది కొన్నా, ఎక్కడ వెలిగించకూడదో తెలిసి ఉండాలి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. జన్నారం చుట్టూ ఉన్నది కవ్వాల్ పులుల అభయారణ్యం. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం, వదిలివెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. గ్యాసు పొయ్యి నిప్పు కాదు కదా అని వాదించవద్దు, అదీ నిప్పే. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన రామప్ప గుడి ఆవరణ కూడా వంటకు చోటు కాదు. అనుమతి ఉన్న క్యాంపు స్థలంలో, ఆకులు ఊడ్చిన గట్టినేల మీద, బకెట్టు నీళ్లు పక్కన పెట్టుకొని వెలిగించాలి.

నన్ను తేల్చి చెప్పమంటే ఇలా చెబుతాను. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాళ్లకు బొగ్గు దండగ. చల్లారేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు, వేడి గ్రిల్‌ను బండిలో ఎక్కించేస్తారు. వాళ్లకు క్యాను పొయ్యి చాలు. రాత్రి అక్కడే ఉండేవాళ్లు, అదీ నవంబరు నుంచి జనవరి వరకు వెళ్లేవాళ్లు మూత ఉన్న బొగ్గుల గ్రిల్ తీసుకోవాలి. ఆ కొరమీను ముక్కకు, ఆ చపాటా మిర్చి పట్టించిన కోడి తొడకు మరేదీ అంత న్యాయం చేయదు. చపాటా కారం తక్కువ, ఎరుపు ఎక్కువ కాబట్టి పిల్లలకూ నప్పుతుంది. వానాకాలం బొగతకు వెళ్లేవాళ్లకు తడి బొగ్గుతో కుస్తీ వద్దు, గ్యాసే. ఎండాకాలం ఎవరైనా అడిగితే గ్రిల్ ఇంట్లో పెట్టి, పులిహోర కట్టుకొని వెళ్లమంటాను.

గ్రిల్ మీద పెట్టే డబ్బులో కొంత మిగిల్చి మంచి ఐసు పెట్టె, చిన్న మాంసపు థర్మామీటరు కొనండి. మసాలా పట్టించిన కోడిని వంట దాకా 4 డిగ్రీల లోపు ఉంచాలి. బయట వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట పెట్టకూడదు. ఎముక దగ్గర 74 డిగ్రీలు చూపిస్తేనే కోడి ఉడికినట్టు. చీకట్లో, టార్చిలైటు వెలుగులో రంగు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు.