గండికోట గాలిలో ఆరుగురికి టీ

గండికోట లోయ అంచున కూర్చుని ఆరుగురికి టీ పెడదామని సాయంత్రం ఐదున్నరకు స్టవ్ వెలిగించాను. నలభై నిమిషాలైనా గిన్నె అడుగున చిన్న బుడగలు తప్ప నీళ్లు మరగలేదు. మంట గిన్నె కింద నిలబడితే కదా! గాలికి పక్కకు వాలిపోయి, వేడంతా పెన్నా నది వైపు కొట్టుకుపోయింది.

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఈ చలికాలం మా ఆయన, నేను, మా అక్కవాళ్లు, వాళ్ల ఇద్దరు పిల్లలు కలిసి మూడు చోట్లకు వెళ్లాం. గండికోట, భీమేశ్వరి, హార్స్‌లీ హిల్స్. మేం ముందు స్టవ్ కొనేసి, తర్వాత ఊర్లు చూసుకున్నాం. అది తిరగబడ్డ పని. ఎక్కడికి పోతున్నాం, ఎంతమందిమి, అక్కడ గాలి ఎంత, అసలు పొయ్యి వెలిగించనిస్తారా, ఇవి తేలాకే స్టవ్ సంగతి చూడాలి.

గండికోట బెంగళూరు నుంచి సుమారు 280 కిలోమీటర్లు. బాగేపల్లి, కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా వెళ్లాం. ఆపుకుంటూ పోతే ఏడు గంటలు పట్టింది. చేతిలో ఉన్నది అరచేతిలో ఇమిడే స్టవ్, కింద మర బిగించే 230 గ్రాముల గ్యాస్ డబ్బా. ఒక్కరో ఇద్దరో వీపున సంచి వేసుకుని కొండెక్కేటప్పుడు దానికి మించింది లేదు. ఆరుగురికి వండే పెద్ద గిన్నె పెడితే మాత్రం ఊగిపోతుంది. పైగా మంట నేలకు జానెడు ఎత్తున ఉంటుంది కాబట్టి గాలి నేరుగా తగులుతుంది.

మా బావ సాయం చేద్దామని కారు అద్దానికి పెట్టుకునే వెండిరంగు రేకు తెచ్చి స్టవ్ చుట్టూ గుండ్రంగా చుట్టారు. మంట వెంటనే నిలబడింది. రెండు నిమిషాల తర్వాత నాకెందుకో అనుమానం వచ్చి గ్యాస్ డబ్బాను తాకి చూశాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "బావా, డబ్బా కాలుతోంది, ముందు ఆపేయండి" అని అరిచేశాను. మంటకు చుట్టూ అడ్డుకడితే ఆ వేడి కిందికే దిగి డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది. పగిలితే ఎదురుగా పిల్లలు. ఆ రాత్రి నాకు టెన్షన్ చాలాసేపటి వరకు తగ్గలేదు. డబ్బా మీదే స్టవ్ కూర్చునే రకానికి గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు పెట్టాలి. మిగతా వైపులు తెరిచి ఉండాలి, డబ్బాను చేత్తో ముట్టుకుంటే చల్లగానే ఉండాలి.

టెంట్లు చూసుకునే కుర్రాడు మా తంటా గమనించి వచ్చాడు. "ఈ అంచున గాలి ఆగదక్కా, ఆ నీళ్ల ట్యాంకు చాటుకు పోండి" అన్నాడు. ట్యాంకు వెనక పది నిమిషాల్లో టీ అయిపోయింది.

స్టవ్ కొన్నప్పుడు కొత్త డబ్బాను వంటింటి కాటా మీద తూచి, బరువు దాని మీదే మార్కర్‌తో రాసిపెట్టుకున్నాను. ఇంటికొచ్చి మళ్లీ తూచితే 90 గ్రాములు తగ్గింది. గాలి లేని చోట, మూత పెట్టి, లీటరు నీళ్లు మరిగించడానికి సుమారు 15 గ్రాములు చాలు. ఆ లెక్కన ఆరు లీటర్లకు సరిపోయే గ్యాస్‌తో మేం చేసుకున్నది రెండుసార్లు టీ, ఒకసారి ఉగ్గాణి. ప్రయాణానికి ముందు డబ్బాను తూచడం అందరూ అలవాటు చేసుకోవాలని నా కోరిక. ఊపి చూసి సగముందని అనుకోవడం కొండ మీద మోసం చేస్తుంది.

ఉగ్గాణి అన్నాను కదా, అది మా అమ్మ పుణ్యం. అమ్మవాళ్లది ప్రొద్దుటూరు. బొరుగులు నీళ్లలో ముంచి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పప్పుల పొడి చల్లితే అయిపోయింది. ఆరుగురికి పొయ్యి మీద పట్టేది పది నిమిషాలలోపే. క్యాంపులో వండాల్సినవి ఇలాంటివే. బొరుగులు, అటుకులు, ముందే వేయించి తెచ్చుకున్న ఉప్మా రవ్వ. అన్నం, పప్పు జోలికి పోతే గ్యాస్ ఆవిరైపోతుంది. పప్పు కావాలంటే పెసరపప్పు పొద్దున్నే నానేయండి, సగం ఇంధనం మిగులుతుంది.

బస విషయానికొస్తే, టెంటుకు మా దగ్గర 900 తీసుకున్నారు. ఒకదానికి జిప్పు సరిగా పడలేదు, రాత్రంతా గాలి లోపలికి కొట్టింది. బాత్రూమ్ చాలా దూరం. అయినా తెల్లవారుజామున ఎర్రమల కొండల మధ్య ఆ లోయ మీద వెలుగు పడుతుంటే చూశాను చూడండి, జిప్పు సంగతి మర్చిపోయాను. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం పర్యాటక సంస్థ హరిత హోటల్లో గది తీసుకుని, ఉదయం కోటకు రావడమే మేలు. కోట లోపల గుళ్లు, మసీదు, ధాన్యాగారం దగ్గర పొయ్యి మాటే ఎత్తకండి.

భీమేశ్వరిది వేరే కథ. కావేరి ఒడ్డున, బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్లు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ క్యాంపు అది. భోజనం బసతో కలిపే వస్తుంది. చుట్టూ కావేరి అభయారణ్యం కాబట్టి స్టవ్ కారులోంచి దించనేలేదు. ఎండాకాలం ముందు అడవి ఎంత ఎండిపోతుందో, ఒక్క నిప్పురవ్వ ఏం చేస్తుందో 2019 ఫిబ్రవరిలో బందీపూర్ కాలిపోయినప్పుడు చూశాం. ఖర్చు టెంటు కన్నా బాగా ఎక్కువే. కానీ పిల్లలతో నిశ్చింతగా ఉండాలంటే మూడింట్లో నా ఓటు దీనికే.

హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లేసరికి మేం స్టవ్ మార్చాం. పెట్టెలో వచ్చే వెడల్పాటి పొయ్యి, పక్కన పొడవాటి బ్యూటేన్ గ్యాస్ డబ్బా పెట్టే రకం. కారులో వెళ్లే కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. ఊగదు, మంట కిందుగా ఉంటుంది, పెద్ద గిన్నె నిలబడుతుంది. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. డబ్బా మెడ దగ్గరి గాడి పైకి ఉండేలా పెట్టాలి, లేదంటే గ్యాస్ బదులు ద్రవం వచ్చి మంట భగ్గుమంటుంది. డబ్బా కూర్చునే గూడు మీదికి వచ్చేంత పెద్ద పెనం పెట్టకూడదు, పెనం వేడి డబ్బాకు కొడుతుంది.

ఈ కొండ 1,265 మీటర్ల ఎత్తు. జనవరి తెల్లవారుజామున కాఫీకి వెలిగిస్తే మంట నీరసంగా వచ్చింది. బ్యూటేన్ మరిగేది సున్నా డిగ్రీల దగ్గర. చలిలో అది ఆవిరి కావడానికి మొరాయిస్తుంది, పైగా వాడేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది. సగం ఖాళీ అయిన డబ్బాకైతే ఇంకా కష్టం. దాన్ని కాసేపు శాలువాలో చుట్టి ఉంచి పెట్టాను, మంట కోలుకుంది. వేడి నీళ్లలో మాత్రం పెట్టకండి. హిమాలయాల వైపు వెళ్లేవాళ్లు ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బాలే తీసుకోవాలి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది.

చలికి అందరం టెంటులో దూరి అక్కడే కాఫీ పెడదామన్నాడు మా అక్క పెద్ద కొడుకు. ఒప్పుకోలేదు. మూసిన టెంటులో ఏ పొయ్యి వెలిగించినా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

మిగతా ఇంధనాల గురించి కొద్దిగా. స్పిరిట్ పొయ్యి తేలిక, చప్పుడు ఉండదు. కానీ పగటి వెలుగులో దాని మంట కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే సీసాకే అంటుకుంటుంది. పిల్లలున్న చోట నాకు ఒద్దు. తెల్లటి ఇంధన బిళ్లలు కాల్చే పొయ్యి ఒక్క కప్పు టీకి పర్వాలేదు, గిన్నెకు జిగట మసి పడుతుంది. కిరసనాయిలు పంపు స్టవ్ అంటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. పంపు కొట్టి, పిన్నుతో నాజిల్ పొడిచి, నీలి మంట రప్పించేది. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ పొయ్యి వంశమే అది. 1953లో ఎవరెస్ట్ ఎక్కినవాళ్లతోనూ ప్రైమస్‌లే వెళ్లాయి. చలికి లొంగదు, కానీ కారు డిక్కీలో ఆ వాసన భరించలేం.

పదిమంది పైన ఉంటే ఐదు కిలోల చిన్న సిలిండరే చవక. ఇండేన్‌లో ఛోటూ అంటారు, గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఇంటి సిలిండర్ నుంచి చిన్న డబ్బాలు నింపిస్తామనే వాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి.

అద్దె స్టవ్‌లతో ఒక అనుభవం. గండికోటకు ముందు బెంగళూరులో ఒక దుకాణంలో అద్దెకు తెచ్చిన స్టవ్‌కు రబ్బరు రింగు పగిలి ఉంది. ఇంటి దగ్గరే బాల్కనీలో సబ్బు నురుగు రాసి చూశాం, బుడగలు వచ్చాయి. మర్నాడే వెనక్కి ఇచ్చేసి కొత్తది కొన్నాం. తీసుకునేటప్పుడే రింగు చూడండి.

మా అక్క కొడుకు మే నెలలో మనాలి ట్రెక్‌కు రైల్లో వెళ్తున్నాడు. గండికోటలో వాడగా మిగిలిన డబ్బా సంచిలో పెట్టుకుంటానన్నాడు. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న పర్యాటక బోగీలోకి దొంగచాటుగా తెచ్చిన సిలిండర్‌తో టీ పెట్టబోతే మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అది చెప్పాను. విమానంలోనూ డబ్బా కుదరదు, చెక్-ఇన్ సామానులో కూడా. స్టవ్ మాత్రం పెట్టుకున్నాడు, గ్యాస్ అక్కడే కొంటాడు. ఆ మిగిలిన డబ్బా ఇప్పుడు మా బాల్కనీ నీడలో ఉంది, మీద 'ఖాళీ బరువు పోను 140 గ్రాములు' అని రాసి.