హైదరాబాద్ ఎండలో డౌన్‌హిల్ ఆర్మర్: కొన్నేళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

మౌంటెన్ బైక్, అంటే గుట్టల మీద తొక్కే సైకిల్, వాడేవాళ్లకి ఒక్క మాట: గుట్ట దిగేటప్పుడే కాదు, ఎక్కేటప్పుడు కూడా ఒంటి మీద ఉంచుకోగలిగే ఆర్మర్ (పడితే దెబ్బ తగలకుండా వేసుకునే ప్యాడ్లు, గార్డ్స్) కొనండి, మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే. ఎండాకాలం వానాకాలం తేడా లేకుండా కొన్నేళ్లు వాడి చెప్తున్నా.

యూట్యూబ్‌లో రివ్యూలు చేసేవాళ్లు చాలామంది కెనడాలో విస్లర్‌లోనో స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియమ్‌లోనో తొక్కుతారు, అక్కడ బైకుని కూడా గొండోలా (రోప్‌వే డబ్బా) పైకి తీస్కపోతది, చల్లటి గాలి, చెమట పట్టే పనే లేదు, నిండా ప్లాస్టిక్ తొడుక్కున్నా వాళ్లకేం కాదు. మనకిక్కడ లిఫ్టు లేదు. ఖాజాగూడ బండలైనా, గండిపేట అవతల మొరం దార్లైనా, అంతదూరం కార్లో బైకులేసుకుని అనంతగిరి పోయినా సరే పైకి తొక్కుకుంటూనో తోసుకుంటూనో పోవాల్సిందే, అదీ ఏప్రిల్‌లో పొద్దున ఎనిమిదింటికే చెమట కళ్లలో మండుతుంటే. అప్పుడు ఏం చేస్తాం, గార్డ్స్ తీసి బ్యాగుకి తగిలిస్తాం, పైకెళ్లాక "ఈ చిన్న దిగుడికి ఎందుకులే" అంటాం. నాతో వచ్చే పోరల్లో సగం మంది దెబ్బలు అట్ల తగిలినవే, గార్డ్స్ బ్యాగులో భద్రంగా ఉంటాయి, మోకాలు మాత్రం పగిలి ఉంటది.

నేను రెండు రకాలూ వాడిన. మొదటిది ఫుల్ జాకెట్, మా పెద్దనాన్న కొడుకు బెంగళూరులో వాడి ఇచ్చేసింది. మెష్ చొక్కా, దానికి వీపు మీద, ఛాతీ మీద, భుజాలకి, మోచేతులకి ప్లాస్టిక్ పలకలు, నడుముకి బెల్టు. రెండోది విడివిడి సెట్టు: చేతుల్లేని బనియన్ లాంటి వెస్ట్‌లో వీపు ప్యాడ్, మోకాలి గార్డ్స్, మోచేతికి ఎల్బో గార్డ్స్ వేరేగా. ఇప్పుడు జాకెట్ బీరువా పైన ఉంది, విడి సెట్టే నడుస్తోంది.

జాకెట్ చెడ్డది అనను, డిసెంబర్, జనవరి చలిలో వేసుకుంటే మస్తు ధైర్యంగా ఉంటది, ఒక్క జిప్పు లాగితే పైభాగం అంతా కవర్. కానీ రెండు తిప్పలు. ఒకటి, ఒక సైజు జాకెట్‌లో భుజం, మోచేయి, వీపు అన్నీ మన కొలతకి కుదరడం కష్టం, నా చేతులు కాస్త పొడుగు, దాంతో మోచేతి కప్పు మోచేతికి రెండు వేళ్లు పైనే ఆగిపోయేది. రెండోది ఎవరూ చెప్పరు: నిటారు దిగుడులో మనం వెనక్కి వంగి, తల ఎత్తి ముందుకి చూస్తాం కదా, అప్పుడు వీపు పలక పై అంచు ఫుల్ ఫేస్ హెల్మెట్ (గడ్డం దాకా కప్పేది) వెనక భాగానికి తగిలి హెల్మెట్‌ని ముందుకి నెడతది, హెల్మెట్ అంచు కళ్ల మీదకి దిగుతది, సరిగ్గా దారి కనపడాల్సిన చోట! అందుకే షాపుకి పోతే హెల్మెట్ కూడా తీస్కపోండి, రెండూ వేసుకుని, చేతులు హ్యాండిల్ మీద ఉన్నట్టు ముందుకి చాపి, నడుం వెనక్కి పెట్టి తల ఎత్తి చూడండి. షాపోడు నవ్వితే నవ్వనీ.

లేబుల్ సంగతి. సీఈ అని యూరప్ వాళ్ల గుర్తు ఒక్క ముక్క ఉంటే చాలదు, దాని పక్కన ఈఎన్ 1621 అని వాళ్ల స్టాండర్డ్ నంబర్ ఉండాలి. ఇది అసలు మోటార్‌సైకిల్ వాళ్ల కోసం పెట్టిన స్టాండర్డ్, మన మౌంటెన్ బైక్ ప్యాడ్స్‌కీ ఎక్కువగా దాన్నే వాడతారు. 1621-1 అంటే మోకాలు, మోచేయి, భుజం లాంటివి, 1621-2 వీపు, 1621-3 ఛాతీ. మోచేతికి ఈ, మోకాలికి కే, భుజానికి ఎస్ అని అక్షరం కూడా ఉంటది. పరీక్షలో 50 జౌల్స్ శక్తితో దెబ్బ కొడతారు, అంటే దాదాపు 5 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. ప్యాడ్ దాటి లోపలికి వచ్చే బలం సగటున 35 కిలోన్యూటన్ల లోపుంటే లెవెల్ 1, 20 లోపుంటే లెవెల్ 2. వీపుకి లెక్క ఇంకా గట్టిగా ఉంటది, 18 లోపు లెవెల్ 1, 9 లోపు లెవెల్ 2. కాబట్టి మోకాలి లెవెల్ 1నీ వీపు లెవెల్ 1నీ ఒకటే అనుకోవద్దు.

ఇంకోటి, మనకి బాగా పనికొచ్చేది, లేబుల్ మీద టీ ప్లస్ అని ఉందేమో చూడండి. ఆ ప్యాడ్‌ని 40 డిగ్రీల దగ్గర కూడా కొట్టి చూశారని అర్థం. డీ3ఓ లాంటి మెత్తటి మెటీరియల్ మామూలుగా వంగుతది, దెబ్బ పడ్డ క్షణంలో గట్టిపడతది, అదే దాని గొప్పతనం, కాకపోతే ఈ జాతి మెటీరియల్స్ చలికి బిగుసుకుంటాయి, వేడికి మెత్తబడతాయి. మనకి మే నెలలో 40 దాటడం వింతేం కాదు, ఇక ఎండలో ఆపిన కార్ డిక్కీలో పెట్టిన ప్యాడ్ సంగతి చెప్పక్కర్లేదు, తీసి చూస్తే చేతిలో మైనంలా వంగుతది. అందుకే నేను డిక్కీలో వదలను, సీటు కింద నీడలో పెడతా.

ఇప్పుడు అసలు గొడవ, మెత్తటి ప్యాడా గట్టి కప్పా. దీనికి జవాబు మన నేల చెప్తది. అనంతగిరి వైపు ఎర్రమట్టి, ఆకులు, వేర్లు, అక్కడ మెత్తటి ప్యాడ్ చాలు. సిటీ చుట్టూ ఉన్నది గ్రానైటు బండ, పట్టుకుంటే గరగరలాడతది. ఒకసారి ఖాజాగూడ దగ్గర బండ మీద నుంచి దిగుతుంటే రాలిన కంకర మీద ముందు చక్రం జారింది, కుడివైపు పడి అట్లనే ఒక బారెడు దూరం జారిన. అప్పుడు మోకాలికి గట్టి కప్పు ఉన్న గార్డ్, మోచేతికి బట్ట తొడుగులా ఉండే మెత్తటి గార్డ్. మోకాలి కప్పు బండ మీద సర్రున జారిపోయింది, ప్లాస్టిక్ మీద వేలంత గీతలు తప్ప లోపల వాపు కూడా లేదు. మోచేతి బట్ట మాత్రం గరుకు రాయికి పట్టుకుంది, నేను ముందుకి, గార్డ్ వెనక్కి, చివరికి అది చుట్టుకుపోయి మణికట్టు దగ్గర గాజులా కూర్చుంది, మోచేయి నుంచి సగం చెయ్యి దాకా తోలు లేచిపోయింది. లెవెల్ 1 సర్టిఫికెట్ ఉన్న గార్డే అది, కంపెనీ పేరు అనవసరం, దెబ్బ ఆపే శక్తి దానికుంది, ఉండాల్సిన చోట లేదు అంతే. అప్పట్నుంచి మోచేతికి కూడా బయట సన్నటి ప్లాస్టిక్ కప్పు, మోచేతి పైన బిగించుకునే స్ట్రాప్ ఉన్నదే వాడుతున్నా.

మోకాలి సైజు ఎక్కువ కంపెనీల చార్టుల్లో తొడ చుట్టుకొలత మీద ఉంటది, మోకాలి చిప్ప మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పైకి అడుగుతారు, కొందరు పిక్క కొలత కూడా అడుగుతారు. టేపుతో కొలవండి, ప్యాంటు సైజు చూసి ఎల్ అనో ఎక్స్ఎల్ అనో ఆర్డర్ పెట్టొద్దు, బయట దేశం నుంచి తెప్పించింది సైజు తేడా వస్తే వాపస్ పంపడం పెద్ద తలనొప్పి. షాపులో అయితే తొడుక్కుని ఓ పాతిక గుంజీలు తీయండి, ప్యాడ్ కిందికి దిగితే అక్కడే వదిలేయండి, ఎందుకంటే చెమట పట్టాక ఇంకా దిగుతది. పైన లోపలివైపు సిలికాన్ పట్టీ ఉంటే జారదు గానీ ఎండాకాలంలో ఆ పట్టీ కిందే దద్దుర్లు వస్తాయి, నేనైతే సైక్లింగ్ షార్ట్స్ అంచుని పట్టీ కిందికి లాగి వేసుకుంటా, జారుడూ లేదు దురదా లేదు. మోకాలి వెనక బట్ట తెరిచి ఉన్న మోడల్ తీస్కోండి, ఎక్కేటప్పుడు తేడా తెలుస్తది.

ఛాతీ గురించి రెండు ముక్కలు. మోటోక్రాస్ వాళ్లు వేసుకునే ప్లాస్టిక్ రూస్ట్ గార్డ్ చూడ్డానికి భయంకరంగా ఉంటది, కానీ దాని మీద ఈఎన్ 14021 అని ఉంటే అది ముందు బండి టైరు లేపే రాళ్ల నుంచి కాపాడ్డానికి, మీరు వెళ్లి బండకి గుద్దుకుంటే ఆపడానికి కాదు. ఛాతీకి కావాలంటే 1621-3 చూడండి. నేను ఛాతీకి ఏమీ వాడట్లేదు, మా గుట్టల మీద పెద్ద జంప్స్ లేవు. మీరు డ్రాప్స్ కొట్టే (ఎత్తు అంచుల మీద నుంచి బైకుతో దూకే) రకమైతే మీ లెక్క వేరు. హెల్మెట్ మాత్రం ఏఎస్‌టీఎం ఎఫ్1952 (డౌన్‌హిల్ హెల్మెట్ల స్టాండర్డ్) రాసి ఉన్న ఫుల్ ఫేస్, దాని మీద బేరం లేదు.

ఇక కంపు. చెప్పకపోతే రివ్యూ అబద్ధం అయితది. రెండు రైడ్లు ఉతక్కుండా వదిలేస్తే మా అమ్మ గార్డ్స్‌ని ఇంట్లోకి రానివ్వదు, బాల్కనీ గ్రిల్‌కే కాపురం. అందుకే లోపలి ప్యాడ్ తీయగలిగే మోడలే కొనండి, ప్యాడ్ తీసి బట్ట మాత్రం సబ్బు నీళ్లలో చేత్తో ఉతకాలి, మెషిన్‌లో వేస్తే వెల్క్రో పక్క బట్టల్ని నమిలేస్తది. నీడలో ఆరేయాలి. వానలు తగ్గాక గడ్డి ఎండే రోజుల్లో వెల్క్రో నిండా గడ్డి గింజలు, పల్లేరు కాయలు ఇరుక్కుంటాయి, అవి తీయకపోతే స్ట్రాప్ సగం దారిలో ఊడుతది, పాత టూత్‌బ్రష్ ఒకటి బ్యాగులో పడేయండి.

నా మోకాలి గార్డ్స్ ఇప్పుడు ఎట్లున్నాయంటే, కప్పు నిండా గీతలు, లోపలి ఫోమ్ వేలితో నొక్కితే ఇంకా తిరిగి లేస్తోంది, అది లేవడం మానేసినా, పగులు కనిపించినా, గట్టి దెబ్బ తిన్నా మార్చేస్తా. ముందు పోయేది మాత్రం ఎలాస్టిక్. కింది స్ట్రాప్ సాగిపోతే కొత్తది కొనబోయి ఆగి, మా సందు చివర చెప్పులు కుట్టే పెద్దాయనకి ఇచ్చిన, "ఇదేంది బిడ్డా, గుర్రానికా?" అన్నాడు, అని బ్యాగులకి వాడే మందం ఎలాస్టిక్ వేసి రెండు వరసలు కుట్టి ఇచ్చాడు, కంపెనీ కుట్టు కంటే గట్టిగా ఉంది, అదే నడుస్తోంది. ఎల్బో గార్డ్స్ స్ట్రాప్స్ కూడా ఈ వారం ఆయనకే ఇస్తున్నా.