ఒకికు బావి: హిమేజీ కథ మేలా, ఎడో కథ మేలా?

అర్ధరాత్రి పాత బావిలోంచి ఆడగొంతు వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు... అలా తొమ్మిది దాకా పళ్ళాలు లెక్కపెడుతుంది. పదోది ఉండదు. గుండెలవిసేలా ఏడ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. జపాన్‌లో ఈ దయ్యం పేరు ఒకికు. 'కికు' అంటే చామంతి, ముందున్న 'ఓ' గౌరవానికి. మన ఊళ్ళో అయితే చామంతమ్మ అనేవాళ్ళం.

ఆమె దయ్యమెందుకైందో చెప్పే కథల్లో రెండు గట్టిగా నిలిచాయి. రెండింట్లోనూ ఆ ఇంటి యజమాని ఇంటిపేరు అయోయామానే.

పడమటి జపాన్‌లో కోట ఉన్న ఊరు హిమేజీ. ఆ ఊరివాళ్ళ కథలో అయోయామా తెట్సుజాన్ తన ప్రభువు మీద కుట్ర పన్నుతాడు. ఆ గుట్టు లాగడానికి ఒకికు పనిమనిషిగా చేరుతుంది. అది కనిపెట్టిన తెట్సుజాన్ అనుచరుడొకడు తనకు లొంగమంటాడు. ఆమె కాదంటుంది. వాడు పది పళ్ళాల్లో ఒకటి దాచి, నేరం ఆమె మీద వేసి, చంపి బావిలో పడేస్తాడు. ఆ బావి ఇదేనంటూ కోటలో ఇప్పటికీ చూపిస్తారు. ఊళ్ళోని జూనిషో గుడిలో ఆమెకు పూజలూ ఉన్నాయి. 1795లో అక్కడి బావుల దగ్గర ఒకరకం సీతాకోకచిలుక గూళ్ళు విపరీతంగా కనిపించాయట. సన్నటి దారంతో కొమ్మకు వేలాడే ఆ గూడు, చేతులు వెనక్కి విరిచి కట్టేసిన ఆడమనిషిలా ఉంటుంది. జనం దానికి 'ఒకికు పురుగు' అని పేరు పెట్టారు. ఆనవాళ్ళ మాటకొస్తే హిమేజీకి తిరుగులేదు.

ఎడో, అంటే ఇప్పటి టోక్యో. అక్కడి బాంచో పేటలో చెప్పే కథలో కుట్రా లేదు, కోటా లేదు. పనిపిల్ల చేయి జారి ఒక పళ్ళెం పగిలింది, అంతే. యజమాని ఆమె నడిమి వేలు నరికి, ఆమెను గదిలో బంధించాడు. ఆమె తప్పించుకుని బావిలో దూకింది. తర్వాత ఆ ఇంట్లో పుట్టిన బిడ్డకు నడిమి వేలు లేదు.

నా ఓటు ఎడోకే. హిమేజీ ఒకికు వీరనారి, ఆమె చావుకొక కారణముంది. ఎడో ఒకికు చచ్చింది ఒక్క పళ్ళానికి. ఆ తొమ్మిది దగ్గర ఆగిపోయే గొంతు ఈ కథలోనే నిజంగా వణికిస్తుంది. శాంతి జరిగిన తీరూ అలాంటిదే. ఒక బౌద్ధ గురువు బావి పక్కన కాచుకుని కూర్చున్నాడు. ఆమె "తొమ్మిది" అనగానే, ఏడుపు మొదలయ్యేలోపే "పది!" అని గట్టిగా అరిచాడు. ఆ రాత్రి నుంచి బావిలో మళ్ళీ లెక్క వినపడలేదు.