డౌసిల్ 795 రివ్యూ: హ్యాచ్ అద్దం లీకుకి మంచి మందే, మిగతా లీకులకు కాదు

సెయిల్‌బోటు క్యాబిన్‌లో పరుపు మీద తడి మరక కనబడగానే పైనున్న డెక్ హ్యాచ్ (పడవ పైతలంలో తెరుచుకునే అద్దపు మూత) మీద అనుమానం పడుతుంది. ఏదో ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి అంచుల చుట్టూ పూసేస్తారు. పాత పడవల్లో ఇలా పొర మీద పొర పూసిన హ్యాచ్‌లు బోలెడు. చాలావరకు తర్వాతి వానకే మళ్లీ కారతాయి. తప్పు ట్యూబుది మాత్రమే కాదు, పూసిన చోటుది కూడా.

ఇక్కడ చూడబోయే డౌసిల్ 795 సీలెంటు అసలు పడవల కోసం పుట్టిన సరుకు కాదు. పాత ట్యూబుల మీద డౌ కార్నింగ్ 795 అని ఉంటుంది, పేరు మారింది తప్ప సరుకు అదే. ఎత్తైన భవనాలకు బయటివైపు గాజు పలకలు అతికించే స్ట్రక్చరల్ సిలికాన్ ఇది. హైటెక్ సిటీలో అద్దాల మేడలు చూసినప్పుడు, పైకి ఒక్క స్క్రూ కనబడకుండా అంత గాజు ఎలా నిలబడిందా అనిపిస్తుంది కదా, అక్కడ పనిచేసేది ఈ జాతి సీలెంట్లే. అందుకే పడవ సామాన్ల షాపులో కంటే గాజు పనివాళ్లకు సరుకు అమ్మే చోట తేలిగ్గా దొరుకుతుంది.

హ్యాచ్‌కి ఇదెందుకు నప్పుతుందంటే, అక్కడ ఉన్నది అద్దంలా కనబడే యాక్రిలిక్ ప్లాస్టిక్ పలక, దాని చుట్టూ అల్యూమినియం ఫ్రేమ్. ఎండకి యాక్రిలిక్ అల్యూమినియం కంటే మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. 50 సెంటీమీటర్ల పలక తీసుకోండి. తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా ఉంటే పలక ఒక మిల్లీమీటరు సాగుతుంది, ఫ్రేమ్ అందులో మూడో వంతే. మిగిలిన సుమారు 0.7 మిల్లీమీటర్ల తేడాని రోజూ భరించాల్సింది మధ్యనున్న సీలెంటే. 795 తన వెడల్పులో సగం మేర సాగగలదు, సగం మేర నొక్కుకోగలదు. ఎండకు పెళుసెక్కదు. ఆరేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన కొట్టే బాత్రూం సిలికాన్ ఆమ్లం వదులుతుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. 795లో ఆ గొడవ లేదు.

పోటీ సరుకుల్లో గట్టిది సికాఫ్లెక్స్ 295 యూవీ. అతుకు బాగుంటుంది, కానీ యాక్రిలిక్ మీద పట్టాలంటే దాని యాక్టివేటర్, ప్రైమర్ రెండూ వాడాలి. ఒక్క హ్యాచ్ కోసం మూడు డబ్బాలు కొనడమంటే జేబుకి భారమే, పైగా తెరిచిన ప్రైమర్ ఎంతోకాలం నిలవదు. 3ఎం 5200 పలక అతుకుకి అసలు పనికిరాదు. అది శాశ్వతంగా బిగుసుకునే జిగురు, యాక్రిలిక్‌కి వాడే సరుకు కాదు. పాలీసల్ఫైడ్ రకాలైతే పలకనే మెత్తబరచి పగుళ్లు తెస్తాయి. టేకు డెక్ సందులకు అవి బంగారం, ఇక్కడ విషం.

ట్యూబు కొనేముందు లీకు ఎక్కడో తేల్చుకోవాలి. హ్యాచ్‌కి నీళ్లు వచ్చే దారులు నాలుగు: డెక్‌కీ కింది ఫ్రేమ్‌కీ మధ్య అతుకు, పలకకీ మూత ఫ్రేమ్‌కీ మధ్య అతుకు, మూత మూసినప్పుడు నొక్కుకునే రబ్బరు గాస్కెట్, పిడి ఇరుసు చుట్టూ ఉండే ఓ-రింగు అనే రబ్బరు చుట్టు. వీటిలో 795 తీర్చేది రెండోదాన్ని ఒక్కదాన్నే. రెండు రోజులు బాగా ఆరనిచ్చి, లోపలి అలంకరణ చట్రం విప్పేసి, పైపు నీళ్లు సన్నధారగా వదలండి. ఎప్పుడూ కింది నుంచి పైకి: ముందు డెక్ అతుకు దగ్గర పది నిమిషాలు, తర్వాత మూత అంచు, ఆపైన పలక అతుకు, చివరికి పిడి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిటి మీదా పారి ఏది కారిందో తేలదు. లోపల ఒకరు పొడి టిష్యూ కాగితంతో కాచుకుని ఉండాలి. గాస్కెట్ మీద అనుమానముంటే దాన్ని తాకే ఫ్రేమ్ అంచుకి సుద్దముక్క రాసి, మూత వేసి గడియ బిగించి తెరవండి. గాస్కెట్ మీద సుద్ద గీత తెగిన చోట నీళ్లు దూరతాయి. ఇంకో చిక్కుంది. నీరు లోపలి పైకప్పు వెనక పాకి, కారిన చోటికి అడుగు దూరంలో బొట్టు కడుతుంది. స్టాంషన్ (డెక్ అంచు రెయిలింగ్ గుంజ) బోల్టు దగ్గరి లీకుకి హ్యాచ్ నింద మోయడం మామూలే.

పలక అతుకే దోషి అని తేలితే మూతని కీళ్ల దగ్గర విప్పి బల్ల మీదికి తెచ్చుకోండి. పడవ మీదే చేస్తామనే పట్టుదల వద్దు. పాత సీలెంటుని పొడవాటి పలుచని కత్తితో కోసి, పలకని లోపలివైపు నుంచి మెల్లగా నెట్టాలి. పలకలో సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు నిండిపోయి ఉంటే దాన్ని తిరిగి అతికించడం దండగ. పాతదాన్నే నమూనాగా ఇచ్చి కొత్తది కోయించండి, క్యాస్ట్ (అచ్చులో పోసిన) యాక్రిలిక్ అని నొక్కి చెప్పి మరీ. ఎక్స్‌ట్రూడెడ్ రకం చవక, కానీ పగుళ్లు త్వరగా వస్తాయి. మందం కాలిపర్‌తో కొలిచి అంతే తీసుకోవాలి. పలుచనైతే కాలు పడగానే వంగుతుంది, మందమైతే ఫ్రేమ్ పైకి పొడుచుకు వస్తుంది.

ఇక్కణ్ణుంచి పని తొంభై పాళ్లు శుభ్రతే. ఫ్రేమ్ గాడిలో పాత సీలెంటు పిసరంత కూడా మిగలకూడదు. ప్లాస్టిక్ గీకుడుబిళ్లతో మొదలుపెట్టి, మొండిచోట మాత్రమే ఉలి వాడండి. అల్యూమినియాన్ని కాచే ఆనోడైజింగ్ పొర లేచిందంటే అక్కడే తెల్లటి తుప్పు మొదలై కొత్త అతుకుని లోపల్నుంచి లేపుతుంది. ఫ్రేమ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు గుడ్డల పద్ధతిలో తుడవాలి: ఒకటి తడిది, అది ఆరకముందే వెంటనే పొడిది. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు చోటు మారుతుందంతే. పలకని తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. అసిటోన్ గానీ అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ గానీ తగిలిందా, కొత్త పలకకీ పగుళ్లు తప్పవు. కొత్త పలక మీద అంటించి వచ్చే రక్షణ పొరని అంచు నుంచి రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే ఒలిచి, సీలెంటు తగిలే పట్టీని 320 నంబరు గరుకు కాగితంతో లైట్‌గా రుద్దండి.

ఎక్కువమంది బోల్తా పడేది సీలెంటు మందం దగ్గర. పలకని గట్టిగా నొక్కితే సీలెంటంతా పక్కకి పోయి కింద కాగితమంత పొర మిగులుతుంది. కాగితమంత పొర 0.7 మిల్లీమీటర్లు సాగడం ఎలా? వేసవి గడిచేలోగా ఊడుతుంది. కింద కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి, చుట్టూ సందు 3 నుంచి 4. వారం ముందే బేకింగ్ కాగితం మీద అదే సీలెంటుని 3 మిల్లీమీటర్ల మందాన పరిచి, ఆరాక చిన్న ముక్కలుగా కోసి పలక కింద ఎనిమిది చోట్ల పెట్టండి. అదే సరుకు కాబట్టి కొత్తది దానికి కలిసిపోతుంది.

లెక్క చూసుకుందాం. 50 సెంటీమీటర్ల చదరపు పలక చుట్టుకొలత 2 మీటర్లు. గాడి వెడల్పు 20, మందం 3 మిల్లీమీటర్లైతే కింద పట్టేది 120 మిల్లీలీటర్లు. చుట్టూ సందు 4, లోతు 10 అయితే మరో 80. మొత్తం 200. ట్యూబులో సుమారు 300 ఉంటుంది కనుక ఒక్కటి చాలు. ఇంకా పెద్ద హ్యాచ్‌కి రెండోది పక్కన పెట్టుకోవాలి, పని మధ్యలో షాపుకి పరుగెత్తడానికి వ్యవధి ఉండదు. పైన చర్మం కట్టేలోపు మీకున్నది పది, పదిహేను నిమిషాలే. రెండువైపులా మాస్కింగ్ టేప్ వేసి, గాడిలో తెంపు లేకుండా పూసి, పలకని ఒక అంచు నుంచి దించుతూ గాలి బయటికి పోనివ్వండి. ముక్కల మీద కూర్చునేదాకా చేత్తో నొక్కండి, క్లాంపులు వద్దు. సందుని అడుగు నుంచి నింపుతూ రండి. నునుపు చేయడానికి సబ్బునీళ్లు, తడివేలు పనికిరావు, పొడి గరిటె వాడాలి. చర్మం కట్టకముందే టేప్ లాగేయాలి.

తర్వాత ఓపిక. ఇది గాల్లోని తేమతో బయటినుంచి లోపలికి గట్టిపడుతుంది. మూడు గంటల్లో చేతికి అంటదు, అంతమాత్రాన అయిపోయిందనుకోకండి. పూర్తిగా ఆరడానికి ఒకటి, రెండు వారాలు. పట్టు నిండుగా రావడానికి మూడు వారాల దాకా పడుతుంది. ఆ లోపు దాని మీద కాలు పెట్టొద్దు.

లోపాలూ ఉన్నాయి. ఆరిన సిలికాన్ మీద పెయింటు, ఎపాక్సీ, వేరే సీలెంటు ఏదీ పట్టదు, దాని జిడ్డు డెక్‌కి అంటితే వదిలించడం నరకం. అందుకే కింది ఫ్రేమ్‌ని డెక్‌కి బిగించడానికి 795 వద్దే వద్దు. అక్కడికి బంకలా మెత్తగా ఉండే బ్యూటైల్ టేప్ సరి: ఫ్రేమ్ అంచు కింద ఒక వరస, ప్రతి స్క్రూ మెడకి సన్నటి తాడులా ఒక చుట్టు, రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా బిగింపు. డెక్ వంపుగా ఉంటే ముందు చిక్కని ఎపాక్సీతో చదును చేయండి. వంపు మీద బలవంతంగా బిగిస్తే ఫ్రేమ్ మెలితిరిగి, ఎంత కొత్త గాస్కెట్ వేసినా ఒక మూల తాకదు. స్క్రూ రంధ్రాల్లో డెక్ లోపలి బాల్సా చెక్క నల్లగా మెత్తబడి ఉంటే తవ్వేసి ఎపాక్సీతో నింపి మళ్లీ రంధ్రం వేయాల్సిందే. గాస్కెట్ కొనేటప్పుడు హ్యాచ్ సిరీస్ చూసుకోండి, లూమార్ కంపెనీ హ్యాచ్‌లలో లో ప్రొఫైల్ సిరీస్‌ది ఓషన్ సిరీస్‌కి సరిపోతుందనుకోవద్దు. సాగదీసి అతికిస్తే ముడుచుకుని కొసల మధ్య సందు వస్తుంది. సెంటీమీటరు ఎక్కువే కోసి, అతుకు కీళ్లవైపు పెట్టండి.

పలక అతుకు వరకైతే 795కి ఐదుకి నాలుగున్నర. అర మార్కు తగ్గింది ఆ జిడ్డుకి. నలుపు రంగే తీసుకోండి, అది కాంతిని ఆపి అతుకుని ఎండ నుంచి కాస్తుంది. ట్యూబు మీద తేదీ చూడకుండా డబ్బులివ్వొద్దు. గడువు దాటినది రెండు రోజులైనా బంకలాగే ఉండిపోతుంది, అప్పుడు గాడంతా మళ్లీ మొదటినుంచి గీకాలి.