గళ్ళ కాగితంతో సాంబా నేర్పే క్లాసు

లీడ్స్‌లో మా ఇంటికి దగ్గర్లోని చర్చి హాల్లో వారానికోసారి బ్రెజిల్ సంగీతమైన సాంబా వాయించే ఒక డ్రమ్మింగ్ గ్రూపు సాధన చేస్తుంది. దానికి ముందు కొత్తవాళ్ళకి విడిగా గంట క్లాసు. ఫీజు 6 పౌండ్లు, డ్రమ్ములూ కర్రలూ వాళ్ళవే. సంగీతం రాకపోయినా పర్లేదంటారు, అది నిజమే. నేను చేరింది మాత్రం నొటేషన్ చదవడం కూడా నేర్పుతామన్నందుకు.

ఐదు గీతల స్టాఫ్ నొటేషన్ జోలికి పోరు. ఏ4 కాగితం మీద వాయిద్యానికో వరస, వరసకి 16 గళ్ళు. నాలుగు గళ్ళు ఒక బీట్. సాంబా నడిచేది 2/4లో, అంటే బార్‌కి (ఆవృత్తానికి) రెండు బీట్లు, కాబట్టి వరస మొత్తం రెండు బార్లు. ఇంటూ గుర్తు ఉన్న గడిలో కొట్టాలి, ఖాళీ గడిలో ఊరుకోవాలి. తమ్ముడి మృదంగం క్లాసులు పక్కగదిలోంచి వింటూ పెరిగినదాన్ని కదా, బీట్‌కో తకధిమి అనుకుంటే చాలు, గళ్ళు వాటంతటవే కుదిరాయి. పక్కవాళ్ళు వన్-ఈ-అండ్-అ అని లెక్కపెడుతూ తంటాలు పడుతుంటే కాస్త గర్వంగానే ఉండేది.

నాకు బాగా నచ్చింది టీచర్ నేర్పే క్రమం. ముందు సుర్దోలు, అంటే లోతుగా మోగే పెద్ద డ్రమ్ములు. అన్నిటికన్నా పెద్ద సుర్దో, ప్రిమెయిరా, 5, 13 గళ్ళలో మోగుతుంది. దానికి జవాబిచ్చే సెగుండా 1, 9 గళ్ళలో. అంటే బరువైన దెబ్బ పడేది రెండో బీట్ మీద. మొదటి బీట్‌లోనే బరువు వెతుక్కునే చెవికి ఇది ఓ పట్టాన లొంగదు, కాగితం మీద చూస్తే మాత్రం ఇట్టే తెలుస్తుంది. రియోలో మంగెయిరా అనే సాంబా బృందం వాళ్ళు సెగుండా వాయించరని చెప్పి, టీచర్ ఆ వరసని అరచేత్తో మూసేసి మిగతావాళ్ళని వాయించమన్నారు. అదే పాట, నడక మారిపోయింది. డబ్బులు అక్కడికే గిట్టుబాటయ్యాయి.

కైషాకి (గలగలమనే స్నేర్ డ్రమ్ముకి) 16 గళ్ళూ నిండుగా ఉంటాయి, నల్లగా దిద్దినవి గట్టిగా కొట్టాలి. టాంబొరిం ఒక చేత్తో పట్టుకునే చిన్న డ్రమ్ము. వేగంగా వాయించేటప్పుడు నాలుగు దెబ్బల్లో మూడోదానికి డ్రమ్మునే తిరగేసి కర్రకి కింది నుంచి తగిలించాలి. ఆ గడిలో పైకి బాణం వేసి ఉంటుంది. బాణం చదవడం సులువే, మణికట్టే మాట వినదు.

ఇక చిరాకులు. కాగితాలు రకరకాల చేతులు మారి వచ్చినవి. అగోగో గంటల్లో పైది, కిందిది అని ఒక పాటలో అక్షరాలతో, ఇంకో పాటలో చుక్కలతో రాశారు. ఏ గుర్తుకి ఏం అర్థమో మూలన ఒక్క లైనైనా రాయలేదు. అడిగితే విసుక్కోకుండా చెబుతారు, కానీ ప్రతిసారీ అడగాలి. గళ్ళన్నీ ఒకే కొలతలో ఉండటం ఇంకో ఇబ్బంది. అసలు సాంబాలో బీట్‌లోని నాలుగు దెబ్బలూ సమానంగా పడవు, కొంచెం ఊగుతూ పడతాయి. గళ్ళని నమ్ముకుని వాయిస్తే కుట్టుమిషన్ నడిచినట్టుంటుంది. రియో బ్యాండ్ల రికార్డింగులు ఫోన్లో వినిపిస్తారు గానీ, క్లాసు చివర హడావిడిగా, అందరూ కోట్లు తొడుక్కుంటున్నప్పుడు. అదేదో మొదట్లోనే పెట్టి నోటితో పాడిస్తే బాగుండేది.

పెద్ద గ్రూపులోకి వెళ్ళాక కాగితం పట్టుకోనివ్వరు. విజిల్, చేతి సైగలే. అందుకని కనీసం మూడు పాటలు కంఠతా వచ్చాకే అక్కడికి వెళ్ళడం మంచిది.

చదవడానికి క్లాసు బాగుంది, ఊపుకి చెవినే నమ్ముకోవాలి. ఐదులో నాలుగు ఇస్తాను. నడుం నొప్పి ఉన్నవాళ్ళు సుర్దో వద్దని ముందే చెప్పండి, లేకపోతే పొడుగ్గా ఉన్నవాళ్ళకి అదే తగిలిస్తారు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు వాళ్ళే ఇస్తారు గానీ ఆలస్యంగా వెళ్తే డబ్బా ఖాళీ.