అహ్మదాబాద్ పోళ్లు: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

అహ్మదాబాద్ వెళ్లేవాళ్లు ఎక్కువగా నదికి పడమట ఏదో హోటల్లో దిగి, సబర్మతి ఆశ్రమం, అదాలజ్ మెట్లబావి చూసుకుని, పాత ఊరికి ఒక్క పూట కేటాయిస్తారు. ఆ లెక్క తిరగేస్తే మేలు. 1411లో సుల్తాన్ అహ్మద్ షా తూర్పు గట్టున కట్టించిన ఈ పాత ఊరికే 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగర గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. మసీదులు, కోట గుమ్మాలు ఇతర ఊళ్లలోనూ ఉన్నాయి. పోళ్లు ఇక్కడే చూడాలి.

పోళ్ అంటే ఒకే గుమ్మం వెనక ఒదిగిన గొందుల గుంపు. లోపల గుడి, బావి, పక్షులకు గింజలు చల్లే ‘చబూతరో’ అనే కట్టడం ఉంటాయి. ఇంటి ముందరి అరుగు ఓట్లా. లోపలి చౌక్ మన మండువా లాంటిదే, కాకపోతే ఇరుకు. దాని కింద టాంకా, అంటే వాననీటి తొట్టి. తొలి వానలకు కప్పు కడుక్కుపోయేదాకా నీళ్లు బయటికి వదిలేసి, ఆ తర్వాతివే పట్టేవారు. వెలుతురు సోకదు కాబట్టి నాచు పట్టదు. గోడల్లో ఇటుక వరసల మధ్య చెక్క దూలాలు పడుకోబెట్టారు. నేల కదిలినా గోడ కాస్త ఊగి నిలదొక్కుకునే ఏర్పాటు అది. 2001 భూకంపంలో ఇదే నగరంలో కింద పార్కింగ్ వదిలి స్తంభాల మీద లేపిన అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి.

బస ఎంచుకునేటప్పుడు గది ఫొటో కన్నా గోడ ఫొటో ముఖ్యం. పాత ఇటుక నేలలోని తేమను పీలుస్తుంది, సున్నపు పూత దాన్ని బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే నిమ్ము లోపలే చిక్కుకుని, మోకాలెత్తు దాకా పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పొంగుతుంది. గోడలో దూరిన దూలం చివరలు పుచ్చేది, చెద పట్టేది అక్కడే. అలాంటి గదిలో ముక్కిన వాసన కూడా తప్పదు. దూలాలకు నిగనిగలాడే రంగు దట్టంగా పూసి ఉన్నా అనుమానించండి, పగుళ్లు కనబడవు.

ఖాడియాలోని ఢాళ్‌నీ పోళ్‌లో ఉన్న ఫ్రెంచ్ హవేలీ లాంటి చోట దిగితే పోళ్ జీవితం గుమ్మంలోనే ఉంటుంది. అయితే ఈ పాత ఇళ్లలో మెట్లు నిచ్చెనంత నిటారు. కారు గుమ్మం దాకా రాదు, పెట్టె మోసుకోవాలి. తెల్లవారకముందే గుడిగంటలు, స్కూటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే కింది గది దొరుకుతుందేమో ముందే అడగాలి. లేదంటే సిదీ సయ్యద్ మసీదు ఎదుట ఉన్న హౌస్ ఆఫ్ ఎంజీ నయం. 1924 నాటి మిల్లు యజమాని భవనం, సుఖంగా ఉంటుంది. కానీ అది పెద్ద రోడ్డు మీది బంగళా, పోళ్ కాదు.

కాలుపుర్ స్వామినారాయణ గుడి దగ్గర పొద్దున్నే బయల్దేరి జామా మసీదు దగ్గర ముగిసే హెరిటేజ్ వాక్ 1997 నుంచి నడుస్తోంది. దారి తెలియడానికి మంచిదే గానీ, నడక హడావిడి. అదే దారిలో సాయంత్రం ఒంటరిగా మళ్లీ వెళ్లండి. అప్పుడు తాళాలు పడిన ఇళ్లు లెక్కకొస్తాయి. వారసులు పదిమంది, వాళ్లలో సగం నది అవతల. మరమ్మతుకు అందరి సంతకాలూ కావాలి. ఈలోగా కింది అంతస్తు గోదాము అవుతుంది, చెక్కిన స్తంభాలు పాత సామాన్ల కొట్టుకి చేరతాయి. ఇల్లు కాపాడుకున్న యజమానికి, ఆ స్థలంలో వాడుకోని నిర్మాణ హక్కును వేరేచోట కట్టుకునేవాళ్లకు అమ్ముకునే వీలు నగరపాలక సంస్థ ఇచ్చింది. సంతకాల చిక్కును మాత్రం అది తీర్చదు.

మాణెక్ చౌక్ తిండి కోసమైతే బంగారం కొట్లు మూసేశాకే వెళ్లాలి. పగలు అక్కడ తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. జామా మసీదుకు శుక్రవారం మధ్యాహ్నం వద్దు. విజయవాడ, వరంగల్ మీదుగా నవజీవన్‌లో వచ్చేవాళ్లు రైలు ఏ స్టేషన్ దాకా వెళ్తుందో టికెట్‌లో చూసుకోండి, అహ్మదాబాద్ ప్రధాన స్టేషనైన కాలుపుర్ పునర్నిర్మాణంలో ఉంది. జనవరి 14, 15 తేదీల్లో గాలిపటాల కోసం డాబాలే అద్దెకు పోతాయి. బస ధరలు అమాంతం పెరుగుతాయి కాబట్టి, ఇళ్లు చూడటమే పని అయితే ఆ రెండు రోజులు వదిలేసి వెళ్లండి.